కొత్త ఇల్లు, మొదటిసారి కొంటున్నాం, బిల్డర్ "రేటు మాత్రం దిగదు" అంటున్నాడు. బేరం ఎలా ఆడాలి?

తొలిమెట్టు | సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదివి పోవడమే తప్ప రాయడం ఇదే మొదలు, కాస్త పొడుగైతే ఏమనుకోకండి. నేనూ మా ఆయనా మొదటిసారి ఇల్లు కొంటున్నాం, అదీ కొత్తగా కట్టింది, బిల్డర్ దగ్గర నుంచే. అడుగుదామంటే మా రెండు వైపులా ఇలా కొన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మొత్తం 40 ఇళ్ళు, మూడు ఫేజులు, మొదటి రెండూ కట్టేశారు, మూడో దాంట్లో 12 ఇళ్ళకి ఇంకా గోడలు లేస్తున్నాయి. మాకు నచ్చింది రెండో ఫేజులో మిగిలిపోయిన ఇల్లు, పూర్తయి నాలుగు నెలలైందట.

రేటు ఇక్కడ రాయను, 100 అనుకోండి. మా చేతిలో 20 ఉంది, మిగతా 80 లోన్. ఫీజులూ గట్రాకి వేరే కొంచెం పక్కన పెట్టాం. ఏమైనా తగ్గుతుందా అని అడిగితే సేల్స్ అబ్బాయి నవ్వి "మేడమ్, రేటు కంపెనీ ఫిక్స్ చేస్తుంది, నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు. దాని బదులు మొదటి ఏడాది వడ్డీ 2 శాతం, రెండో ఏడాది 1 శాతం తక్కువ పడేలా కంపెనీ చూసుకుంటుందట, కిచెన్ అప్‌గ్రేడ్ ఫ్రీ అట, కానీ ఆదివారం లోపు టోకెన్ కడితేనే అట. ఇన్ని అటలు ఎందుకంటే ఒక్కటీ కాగితం మీద ఇవ్వలేదు.

అసలు బిల్డర్ దగ్గర బేరం ఆడొచ్చా? అంత పెద్ద కంపెనీ, అడిగితే చులకన అయిపోతామని మా ఆయన మొహమాటం. నాకేమో అడక్కపోతే రాత్రిళ్ళు నిద్ర పట్టదు.


గోడకుర్చీ | సోమవారం, రాత్రి 10:05

ఆదివారం లోపు అన్నడా? ఏం ఫికర్ పడకు అక్కా, వచ్చే వారం గూడ ఒక ఆదివారం ఉంటది. నాలుగు నెలల సంది ఎవ్వడు కొనని ఇల్లు ఈ ఆరు రోజుల్ల ఎగిరిపోతదా.


మాజీ_సేల్స్ | సోమవారం, రాత్రి 10:48

తొమ్మిదేళ్ళు బిల్డర్ల ఆఫీసుల్లో అటు కుర్చీలో కూర్చుని ఈ మాటలే చెప్పినవాణ్ణి, ఇప్పుడు ఆ పని మానేశాను కాబట్టి చెప్తా.

బేరం ఆడొచ్చు. కానీ పాత ఇల్లు అమ్మేవాడి దగ్గర ఆడినట్టు ఆడితే పని జరగదు. పాత ఇంటాయన ఒక్క ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోతాడు, మీకు 5 తగ్గిస్తే ఆయనకి పోయేది 5. బిల్డర్ అలా కాదు. మీ కాగితాల మీద 95 అని పడితే మూడో ఫేజు 12 మందీ వచ్చి "పక్కింటికి 95కి ఇచ్చారుగా" అంటారు, లోన్ ఇచ్చే ముందు ఇంటికి విలువ కట్టే బ్యాంకు వాల్యూయర్లు కూడా పోల్చి చూసేది దగ్గర్లో ఈమధ్య అమ్ముడైన రేట్లే, ఇక 100 పెట్టి ముందే కొన్నవాళ్ళు ఆఫీసు మీదకొచ్చి గొడవ. అంటే మీకిచ్చే 5 అతని లెక్కలో 5 కాదు, దానికి ఇంకో 12 ఐదులు తోకలా వేలాడుతుంటాయి. అందుకే రేటు బోర్డు ముట్టుకోకుండా వడ్డీ అనీ కిచెన్ అనీ ఫీజులు మేం కడతాం అనీ పక్కదారిలో ఇస్తాడు. డబ్బు అదే, బయటికి కనపడదు అంతే.

ఇంకోటి. "నా చేతుల్లో లేదు" అన్నది అబద్ధం కాదండీ. సేల్స్ వాడికి ఇచ్చుకోడానికి చిన్న పరిధి ఉంటుంది, ఆ పైన మేనేజర్ ఊ అనాలి. కాబట్టి అతనితో వాదించి లాభం లేదు, అతను పైకి మోసుకెళ్ళడానికి వీలుగా ఒక పూర్తి ప్రతిపాదన చేతిలో పెట్టాలి. "కొంచెం చూడండి సార్" అనేదాన్ని ఎవరూ మేనేజర్ దగ్గరికి తీసుకెళ్ళరు.


లెక్కలపక్షి | సోమవారం, రాత్రి 11:31

ఆ రెండేళ్ళ వడ్డీ ఆఫర్ ఎంత విలువో ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను వేశా. లోన్ 80, అసలు రేటు 7 శాతం, 30 ఏళ్ళు అనుకుందాం (మీది వేరే అయితే చెప్పండి, మళ్ళీ వేస్తా).

7 శాతం మీద నెల కిస్తీ 0.532. మొదటి ఏడాది 5 శాతం కింద 0.429, రెండో ఏడాది 6 శాతం కింద 0.480. మొదటి ఏడాది మొత్తం మిగిలేది 1.23, రెండో ఏడాది 0.63. రెండూ కలిపితే 1.86. అంటే మీ ఇంటి ధరలో 2 శాతం కూడా లేదు. వినడానికి "వడ్డీ 2 శాతం తక్కువ" అని ఘనంగా ఉంటుంది కానీ విలువ ఇంతే. పైగా మూడో ఏడాది కిస్తీ మొదటి ఏడాది కిస్తీ కంటే 24 శాతం ఎక్కువ, అప్పటికి మొదటి ఏడాది కిస్తీకి అలవాటు పడిపోయి ఉంటారు కాబట్టి అసలు దెబ్బ అక్కడ తగులుతుంది.

అదే 30 ఏళ్ళూ వడ్డీ 1 శాతం తగ్గిస్తా అంటే వేరే సంగతి. 7 నుంచి 6కి దిగితే కిస్తీ సుమారు 10 శాతం తగ్గుతుంది, నెలనెలా కట్టేదాని వరకూ చూస్తే లోన్ 80 బదులు 72 తీసుకున్నట్టు. కానీ అది మీరు ఆ లోన్‌ని చివరిదాకా ఉంచితేనే, మధ్యలో ఇల్లు అమ్మినా లోన్ మార్చినా మిగతాది గాలికి పోతుంది, రేటు తగ్గింపు అయితే తీసుకున్న రోజే మీది అయిపోతుంది. ధర మీద శాతంగా కట్టే పన్నులూ ఫీజులూ ఉంటే అవి కూడా దాంతోపాటే దిగుతాయి.

ఇంకా వాళ్ళని ఒకటి అడగండి: ఆ తేడా డబ్బు కంపెనీయే బ్యాంకుకి ముందుగా కడుతుందా అని. ఔనంటే ఆ 1.86 ఇప్పటికే వాళ్ళ ఖర్చుల్లో రాసేసుకున్న డబ్బు. దాన్ని వడ్డీ రూపంలో కాకుండా ఇంకో రూపంలో ఇమ్మని అడగడానికి మీకేం మొహమాటం అక్కర్లేదు.


తొలిమెట్టు | మంగళవారం, ఉదయం 7:20

అమ్మో, 1.86 ఆ!! మేమిద్దరం రాత్రంతా దాన్ని ఎంత పెద్ద ఆఫరో అనుకుని కూర్చున్నాం. చాలా థాంక్స్ అండీ.

ఒక తప్పు ఒప్పుకోవాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు శాంపిల్ ఇంట్లో అడుగు పెట్టగానే మా ఆయన కిచెన్ ప్లాట్‌ఫామ్ మీద చెయ్యి వేసి "ఇదేనే మనిల్లు" అన్నారు, సేల్స్ అబ్బాయి పక్కనే ఉన్నాడు. అది చాలదన్నట్టు రిసెప్షన్‌లో ఒక ఫారం ఇస్తే గరిష్ఠ బడ్జెట్ ఎంత, ఇప్పుడున్న అద్దె ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలి అన్న గళ్ళు కూడా నిజాయితీగా నింపేశాం. ఇప్పుడింక పేకలన్నీ వెల్లకిలా పెట్టి ఆడుతున్నట్టేనా?


గోడకుర్చీ | మంగళవారం, ఉదయం 7:41

బావకి చెప్పు అక్కా, ఈసారి పోయేటప్పుడు నోట్లో నీళ్ళు పోసుకుని రమ్మని 😄


వెన్నెలవాకిలి | మంగళవారం, ఉదయం 9:15

తొలిమెట్టు గారూ, ఏం కాదు, మేమూ అదే చేశాం. చెప్పిన బడ్జెట్‌ని వెనక్కి తీసుకోలేం కానీ "లెక్క మళ్ళీ వేసుకున్నాం, నెల కిస్తీ ఇంత దాటకూడదు అనుకున్నాం" అని కొత్త అంకె చెప్పొచ్చు, అందులో తప్పేం లేదు, మనుషులు లెక్కలు మార్చుకుంటారు. ఈసారి ఒక్కరే మాట్లాడండి. రెండోవాళ్ళు చూసి రావడానికే.

నేను చెప్పాలనుకున్నది శాంపిల్ ఇంటి గురించి. అందులో గదులకి తలుపులు లేకపోవడం గమనించారా? తలుపు తీసేస్తే గది పెద్దగా కనిపిస్తుంది. మంచాలు మామూలు సైజు కంటే చిన్నవి చేయించి పెడతారు కొన్నిచోట్ల, పట్టపగలు కూడా అన్ని లైట్లూ వేసి ఉంటాయి, గోడ నిండా అద్దం. మేము కొన్నప్పుడు గోడ అరలూ బాల్కనీ లైట్లూ ధరలోనే అనుకున్నాం, తాళాలు తీసుకున్న రోజు చూస్తే బోడి గోడలు. అడిగితే "అవి డెకరేషన్ మేడమ్" అన్నారు. టేపు తీసుకెళ్ళి మీరు కొనే ఇంట్లో, శాంపిల్ ఇంట్లో కాదు, గోడ నుంచి గోడకి కొలవండి. ఆ తర్వాత ధరలో ఏమేం వస్తాయో రూము రూముకీ లిస్టు ఇమ్మనండి, కంపెనీ పేరూ మోడలూ సహా. లిస్టు లేకుండా బేరం మొదలెడితే మీరు తగ్గించిన ప్రతి 1కీ అటు వైపు కుళాయిలు మారిపోతుంటాయి.


అద్దెబతుకు | మంగళవారం, ఉదయం 10:02

నా సలహా అయితే అసలు కొనకండి. కొత్త ఇల్లు కొత్త కారు లాంటిది, తాళం తిప్పగానే పాతదైపోతుంది, మళ్ళీ అమ్మబోతే అదే వీధిలో బిల్డర్ తళతళలాడే కొత్తవి పెట్టుకుని మీకు పోటీగా కూర్చుంటాడు. అద్దెకుండి ఆ 20 ఎక్కడైనా పెట్టుకోండి. పైన మాజీ_సేల్స్ గారు ఇప్పుడు జ్ఞానం చెప్తున్నారు గానీ తొమ్మిదేళ్ళు జనాన్ని ముంచింది ఆయనే కదా.


మాజీ_సేల్స్ | మంగళవారం, ఉదయం 10:30

ముంచానో తేల్చానో గానీ, "ఆదివారం లోపు" అని నేను కొన్ని వందల సార్లు అని ఉంటాను, ఒప్పుకుంటున్నా. సోమవారం ఫోన్ చేసి "మేనేజర్‌తో మాట్లాడి మీకోసం పొడిగించాను" అనేవాణ్ణి. అది కూడా స్క్రిప్టులోదే.

అద్దెబతుకు గారి మాటలో సగం నిజం ఉంది, త్వరగా అమ్మేసే ఆలోచన ఉంటే మూడో ఫేజు అయ్యేదాకా మీ ఇంటికి బిల్డరే పోటీ. అందుకే ఇప్పుడు కొంచెం తగ్గించుకోవడం ముఖ్యం.

మేడమ్, మీ చేతిలో ఉన్న బలం ఏంటంటే ఆ ఇల్లు పూర్తయి ఖాళీగా ఉండటం. ఇంకా కట్టని ఇల్లయితే బిల్డర్‌కి తొందర లేదు. పూర్తయిన ఇంటి మీద అతను తెచ్చిన అప్పుకి రోజూ వడ్డీ నడుస్తుంది, వాచ్‌మన్, కరెంటు, శుభ్రం చేయించడం, పైగా మూడో ఫేజు చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఇది ఎందుకు మిగిలింది" అని అడుగుతుంటే సేల్స్ వాళ్ళకి తలనొప్పి. నెలాఖరు, మూడు నెలల టార్గెట్ ముగిసే వారం, కంపెనీ లెక్కల సంవత్సరం ముగిసే నెల, ఈ మూడింటికీ ముందు అడిగితే మెత్తబడతారు. వాళ్ళ లెక్కల సంవత్సరం ఎప్పుడు మూసుకుంటుందో మాటల్లో మాటగా కనుక్కోండి. అదే కొనేవాళ్ళు క్యూ కట్టి ఉంటే మాత్రం ఈ విద్యలేవీ పనిచెయ్యవు, వచ్చినంత పుచ్చుకోవడమే.


సిమెంటు బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

చూడమ్మా, మీరంతా కాగితం మీద ఇల్లు కొంటున్నారు, నేను ఇటుకల మీద చెప్తాను. ముప్ఫై ఏళ్ళు సైటు మీద నిలబడ్డవాణ్ణి.

నాలుగు నెలలు ఖాళీగా ఉందంటే ఒకందుకు మంచిదే, దాచాలన్నా దాగని లోపాలు ఈపాటికి బయటపడి ఉంటాయి. బాత్రూంలోకి వెళ్ళగానే మురుగు వాసన వస్తే కంగారు పడకు, వాడకపోతే ట్రాప్‌లో, అంటే జాలీ కింద గొట్టం వంపులో, నిలిచే నీళ్ళు ఎండిపోయి వాసన వస్తుంది, రెండు చెంబులు పోసి ఓ గంటాగి మళ్ళీ చూడు, అప్పటికీ వస్తుంటే అప్పుడు అడుగు. నేల మీద బకెట్ నీళ్ళు గుమ్మరించి ఎటు పోతున్నాయో చూడు, జాలీ వైపు పోవాలి, గుమ్మం వైపు కాదు. టైల్స్ అన్నిటినీ నాణెంతో కొట్టుకుంటూ పో, డొల్ల శబ్దం వస్తే కింద మాలు సరిగ్గా పట్టలేదని. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూడు. కిటికీలూ తలుపులూ ఒక్కోటి తీసి మూసి చూడు, పట్టేస్తున్నాయా అని. వీలైతే మంచి వాన పడ్డ మర్నాడు వెళ్ళు, పైకప్పు మూలలూ కిటికీల కిందా గోడ మీద చెయ్యి పెట్టు, చెమ్మ చేతికి తెలుస్తుంది.

పగుళ్ళు చూసి బెదిరిపోవద్దు. కాంక్రీటు బలం 28 రోజులకి లెక్క కడతాం గానీ గోడ ప్లాస్టరు ఆరడం, సర్దుకోవడం చాలా నెలలు పడుతుంది, వెంట్రుకవాసి గీతలు ఏ కొత్తింట్లోనైనా ఉంటాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు, అందులో నాణెం అంచు దూరితే, అప్పుడు మాత్రం బయట ఇంజినీర్ని తీసుకెళ్ళాల్సిందే. అసలు ఎలాగైనా తీసుకెళ్ళు. బిల్డర్ మనిషి కాదు, నువ్వు డబ్బులిచ్చి పిల్చిన మనిషి.


రెండో అంతస్తు | మంగళవారం, మధ్యాహ్నం 2:25

బాబాయ్ గారూ సూపర్. ఈ లోపాలన్నీ రాసుకుని వాటి పేరు చెప్పి రేటు తగ్గించమనొచ్చు కదా? ఒక్కోదానికి ఇంత అని.


సిమెంటు బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:40

వద్దయ్యా. పగులుకి డబ్బులు తీసుకుంటే ఆ రోజు నుంచీ పగులు నీదైపోద్ది. రేపు అది పెరిగితే "అప్పుడే తగ్గించి ఇచ్చాంగా" అంటాడు. లోపం బాగుచేయించుకో, రేటు సంగతి వేరే మాట్లాడుకో, రెండూ కలిపితే చివరికి రెండూ సగం సగం అవుతాయి.


రెండో అంతస్తు | మంగళవారం, మధ్యాహ్నం 3:02

చిన్న చిన్నవాటికి ఒప్పుకోను బాబాయ్ గారూ. మా ఇంట్లో గోడ రంగు మచ్చలుంటే బాగుచేస్తామని నాలుగు సార్లు వచ్చి నాలుగు రకాల తెలుపులు వేసి వెళ్ళారు, ఆ డబ్బేదో ముందే తీసుకుని ఉంటే మేమే నీట్‌గా వేయించుకునేవాళ్ళం. నీళ్ళు, పగుళ్ళు, కరెంటు అయితే మీ మాటే రైటు.

తొలిమెట్టు గారికి నా సొంత ఏడుపు చెప్తా, పనికొస్తుందేమో. మేము అడిగినంత ఇచ్చి కొన్నాం, బేరం అన్న మాటే ఎత్తలేదు. ఆరు నెలల తర్వాత మా పైఅంతస్తువాళ్ళు దిగారు, మాటల్లో తెలిసింది వాళ్ళ ఫీజులన్నీ బిల్డరే కట్టాడని. ఇప్పటికీ లిఫ్టులో వాళ్ళు నవ్వితే నాకు ఆ ఫీజులే గుర్తొస్తాయి. కాబట్టి ముందు మీరు సాయంత్రం పూట ఆ లేఅవుట్‌లో అలా నడవండి, మొదటి ఫేజువాళ్ళు బయట కనిపిస్తారు, పలకరించండి. రేటు చెప్పడానికి జంకుతారు గానీ "మీకేమేం కలిపి ఇచ్చారు, తాళాలు చెప్పిన టైముకి ఇచ్చారా, కంప్లయింట్ చేస్తే వస్తున్నారా" అంటే గంటసేపు చెప్తారు.

రెండోది టోకెన్. మా మొదటి ప్రయత్నంలో, ఇది ఇంకో బిల్డర్, టోకెన్ కట్టాక బ్యాంకు మేమడిగినంత లోన్ ఇవ్వలేదు. వెనక్కి ఇమ్మంటే వెనకపేజీలో చీమల అక్షరాల్లో ఉంది, ఏ కారణంతో అయినా తిరిగి ఇవ్వబడదు అని. మొత్తం పోయింది. మీరు సంతకం పెట్టే ముందు రెండు లైన్లు చేర్పించండి, అడిగినంత లోన్ రాకపోయినా, బ్యాంకు వాల్యుయేషన్ ధర కంటే తక్కువ వచ్చినా టోకెన్ పూర్తిగా తిరిగి ఇవ్వాలి అని. రేటు కంటే ముందు ఇది అడగండి, నా మాట వినండి.


లెక్కలపక్షి | మంగళవారం, రాత్రి 9:40

పైన అందరూ 100 నుంచి ఎంత దిగాలి అనే ఆలోచిస్తున్నారు, అది కూడా ఒక ఉచ్చే. 1987లో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అని ఇద్దరు పరిశోధకులు అమెరికాలో టుసాన్ ఊళ్ళో ఒక ప్రయోగం చేశారు. ఒకే ఇంటిని రియల్ ఎస్టేట్ ఏజెంట్లకి చూపించి, వివరాలన్నీ అవే ఇచ్చి, అడిగే ధర ఒక్కటీ ఒక్కొక్కరికి ఒక్కోలా రాసిచ్చారు. ఎక్కువ ధర చూసినవాళ్ళు ఇంటి విలువ కూడా ఎక్కువే కట్టారు. రోజూ ఇదే పని చేసే నిపుణులు, అడిగే ధర మమ్మల్ని పెద్దగా ప్రభావితం చెయ్యలేదు అనే చెప్పుకున్నారు మళ్ళీ. ఇక మనమెంత.

కాబట్టి బిల్డర్ బోర్డు మీది అంకె చూడకుండా మీ అంకె ముందు కట్టుకోండి. చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడైన ఇళ్ళు, కొత్తవీ రెండుమూడేళ్ళ పాతవీ, లోపలి కొలత మీద అడుగుకి ఎంత పడిందో చూడండి. కాగితం మీద రాసి మీ ఆయన జేబులో పెట్టండి. కిచెన్ చూసినప్పుడల్లా జేబు తడుముకోమనండి.


గోడకుర్చీ | మంగళవారం, రాత్రి 9:44

నోట్ల నీళ్ళు, జేబుల కాగితం. పాపం బావ.


మోడరేటర్ | బుధవారం, ఉదయం 8:00

అద్దె మంచిదా సొంతిల్లు మంచిదా అన్న 14 పోస్టులు వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ బేరం వరకే ఉంచండి.


తొలిమెట్టు | బుధవారం, రాత్రి 10:15

మీరు చెప్పినట్టే చేశాం. లేఅవుట్‌లో నడిచాం, ఒక పెద్దావిడ తన ఇల్లంతా తిప్పి చూపించింది, మొదటి ఫేజులో వాళ్ళకి ఫీజుల్లో కొంత బిల్డరే కట్టాడట, కాకపోతే తాళాలు రెండు నెలలు లేటు. టేపుతో కొలిచాం, కాగితంలో ఉన్నట్టే ఉంది, సంతోషం. చుట్టుపక్కల ఇళ్ళు చూస్తే మా అంకె 96 వచ్చింది.

ఇక మెయిల్ రాయాలి. 11 కోరికలు రాసుకున్నా: రేటు 94, ఫీజులు, కిచెన్, బెడ్‌రూంలో ప్లగ్ పాయింట్లు, బాల్కనీ లైట్లు, గేటు, మెష్ తలుపులు, ఇంకా ఏవో. పంపేయనా?


మాజీ_సేల్స్ | బుధవారం, రాత్రి 10:50

ఆగండాగండి. 11 పంపితే చవకైనవి ఓ ఏడు ఏరి "మేడమ్ ఏడింటికి ఒప్పుకున్నాం కదా" అంటారు, మీకు మళ్ళీ అడగడానికి నోరు రాదు. మెష్ తలుపూ గేటూ తర్వాత మీరు బయట చేయించుకోవచ్చు, అప్‌గ్రేడ్ పేరుతో బిల్డర్ వేసే రేటు అతనికి పడే ఖర్చు కంటే బాగా ఎక్కువ ఉంటుంది, అందుకే అవి ఫ్రీగా ఇవ్వడం అతనికి సులువు. గోడ పగలగొడితే తప్ప కానివి మాత్రం ఇప్పుడే అడగండి, అంటే ప్లగ్ పాయింట్లు, పైపు లైన్లు. నేనైతే ఇలా పంపేవాణ్ణి:

"ఫలానా నంబరు ఇల్లు మాకు సరిపోతుంది. చుట్టుపక్కల ఇటీవలి అమ్మకాలు చూసి మా ధర 95గా అనుకున్నాం, వివరాలు జతచేశాం. ధర మార్చడం కంపెనీకి కుదరకపోతే అంత విలువా ఫీజుల రూపంలో ఇచ్చినా ఆలోచిస్తాం, వడ్డీ ఆఫర్ మాకు అక్కర్లేదు. కిచెన్, అదనపు పాయింట్లు మీరు చెప్పినట్టే. టోకెన్ షరతులు కింద రాశాం. మా ఇంజినీరు తనిఖీ చేస్తారు. ఇవి రాతపూర్వకంగా వస్తే ఈ నెలాఖరులోపు సంతకం చేస్తాం. బ్యాంకు ముందస్తు మంజూరు పత్రం జతచేశాం."

ఇందులో అతనికి కావలసింది ఒకటుంది చూశారా, నెలాఖరులోపు సంతకం. అది లేకుండా ఎవరూ ఏదీ ఇవ్వరు. పంపాక ఫోన్ వస్తుంది. "మెయిల్‌లో చెప్పండి" అని పెట్టేయండి. పంపి రెండ్రోజులు జవాబు రాకపోతే గాభరాపడి మళ్ళీ మీరే పెంచొద్దు, నేను చూసిన కస్టమర్లలో చాలామంది మేమేం అనకుండానే వాళ్ళతో వాళ్ళే బేరమాడుకుని రేటు పెంచుకున్నవాళ్ళు.


తొలిమెట్టు | ఆదివారం, సాయంత్రం 6:30

గడువు ఆదివారం వచ్చింది, ఇల్లు ఎక్కడికీ పోలేదు :) గురువారం మూడు ఫోన్లు, మెయిల్ చెయ్యమన్నా. నిన్న మెయిల్ వచ్చింది. ధర 100 ధరే. వడ్డీ ఆఫర్ తీసేసి దాని బదులు ఫీజుల్లో 2 కంపెనీ కడుతుంది, కిచెన్ అప్‌గ్రేడ్ ఉంటుంది, ఆరు ప్లగ్ పాయింట్లు వేస్తారు. టోకెన్ షరతుకి మొదట కుదరదన్నారు, అది లేకపోతే సంతకం లేదు అన్నాం, అరగంటలో ఒప్పుకున్నారు. మా ఆయనైతే అరగంటా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. మా అంకె 96 రాలేదు, దిగులుగానే ఉంది, కానీ ఇల్లు నచ్చింది కాబట్టి టోకెన్ కట్టేశాం.


అద్దెబతుకు | ఆదివారం, రాత్రి 8:11

చివరికి 2 కోసం ఇంత రామాయణం.


వెన్నెలవాకిలి | ఆదివారం, రాత్రి 8:20

2 అంటే ఆమె చేతిలో ఉన్న 20లో పదో వంతు అండీ. మీకు చిన్నగా ఉందేమో.


తొలిమెట్టు | పన్నెండు రోజుల తర్వాత, శుక్రవారం, మధ్యాహ్నం 12:05

కథ మారింది. బ్యాంకు వాల్యుయేషన్ 97 వచ్చింది! వాళ్ళు వాల్యుయేషన్ మీదే 80 శాతం ఇస్తారట, అంటే లోన్ 77.6 మాత్రమే. 100కి కొనాలంటే మేం ఇంకో 2.4 తేవాలి, లేదు మా దగ్గర. ఏడుపొచ్చింది మొదట. తర్వాత రెండో అంతస్తు గారు చెప్పి రాయించిన ఆ రెండు లైన్లు గుర్తొచ్చాయి.


రెండో అంతస్తు | శుక్రవారం, మధ్యాహ్నం 12:31

నా టోకెన్ ఎక్కడో పుణ్యం చేసుకుంది!! ఇప్పుడు కంగారు మీది కాదు, వాళ్ళది. టోకెన్ మొత్తం తిరిగి ఇవ్వాల్సిందే.


మాజీ_సేల్స్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:15

వాల్యుయేషన్ రిపోర్టు కాపీ జత చేసి ఒక్క లైను రాయండి, "ఈ ధరకి మా బ్యాంకు అప్పు ఇవ్వట్లేదు, ఎలా ముందుకెళ్దామంటారు?" అంతే, అంకె మీరు చెప్పకండి. బిల్డర్ వేసే లెక్క ఏంటంటే, మీరు పోయి ఇంకొకళ్ళు వచ్చినా వాళ్ళ బ్యాంకు కూడా దాదాపు ఇదే అంటుంది. మన నోటి మాటకి కదలని మనిషి ఆ కాగితానికి కదులుతాడు. వాళ్ళ లోన్ వాళ్ళనే సూచిస్తారు చూడండి, "మా బ్యాంకులో అయితే 100కి వేస్తారు" అని. వేస్తే వేయొచ్చు గానీ అక్కడి వడ్డీ, ఫీజులు మొత్తం పక్కన పెట్టి చూసుకోండి, ఎక్కువ అప్పు ఇచ్చారంటే ఇల్లు ఎక్కువ విలువైపోదు.


తొలిమెట్టు | బుధవారం, రాత్రి 9:05

మీరన్నట్టే వాళ్ళ బ్యాంకు పేరే ముందు చెప్పారు. వడ్డీ అర శాతం ఎక్కువ, వద్దన్నాం. నిన్న ఫైనల్‌గా వచ్చింది: కాగితం మీద ధర 97.5. ఫీజుల్లో వాళ్ళు కట్టేది 2 నుంచి 1కి తగ్గించారు. కిచెన్ అప్‌గ్రేడ్ తీసేశారు, మామూలు కిచెనే. పాయింట్లు ఉంటాయి. మా 20లో 19.9 అయిపోతుంది, 0.1 మిగులుతుంది, దాంతో ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నాం. 96 దరిదాపుల్లోకి వచ్చామా లేదా పక్షి గారూ?


లెక్కలపక్షి | బుధవారం, రాత్రి 9:22

మొదటి డీల్ 98, ప్లస్ కిచెన్. ఇప్పటిది 96.5, కిచెన్ లేదు. ఆ కిచెన్ పని బయట 1.5 లోపు అయిపోతే ఇప్పటిదే మేలు, అది కూడా మీకు నచ్చినప్పుడు నచ్చినట్టు చేయించుకోవచ్చు. లోన్ కూడా 80 నుంచి 77.6కి దిగింది, వడ్డీ అంత తక్కువ.


గోడకుర్చీ | బుధవారం, రాత్రి 9:30

బావ ఎట్లున్నడు అక్కా, కిచెన్ పోయినందుకు?


తొలిమెట్టు | బుధవారం, రాత్రి 9:34

మాట్లాడట్లేదు. ఫోన్లో ఆ పాత ఫోటోలు చూసుకుంటున్నారు. శనివారం ఇంజినీరుతో తనిఖీ.


సిమెంటు బాబాయ్ | బుధవారం, రాత్రి 9:50

జేబులో ఒక గోళీ వేసుకెళ్ళమ్మా. బాల్కనీలో నేల మీద వదులు, నీళ్ళ గొట్టం వైపు దొర్లాలి. తప్పులన్నీ ఒకే కాగితం మీద రాసి, ఫోటోలు జత చేసి, తాళాలు తీసుకునే ముందు పూర్తి చెయ్యాలని సంతకం తీసుకో. వీలైతే ఆఖరి కిస్తీలో కొంత ఆపి ఉంచేలా రాయించు. డబ్బు వాళ్ళ దగ్గరికి చేరాక మేస్త్రీ దొరకడు.


తొలిమెట్టు | శనివారం, మధ్యాహ్నం 3:47

బాబాయ్ గారూ, గోళీ గొట్టం వైపు పోలేదు, చక్కగా బెడ్‌రూం గుమ్మంలోకి దొర్లుకుంటూ వచ్చి మా ఆయన చెప్పు దగ్గర ఆగింది. వాళ్ళ సైటు ఇంజినీరు "గోళీ గుండ్రంగా లేదేమో సార్" అన్నాడు. మా ఆయన వెంటనే జేబులోంచి ఇంకో గోళీ తీశారు. రెండు తెచ్చారట, నాక్కూడా చెప్పలేదు. అదీ అక్కడికే వచ్చి ఆగింది. సోమవారం నుంచి బాల్కనీ టైల్స్ మొత్తం తీసి మళ్ళీ వేస్తామని కాగితం మీద రాసిచ్చారు. మొత్తం లిస్టు 23 వచ్చింది, ఇక్కడ పెడతా, వాటిలో ఏవి ముందు పట్టుబట్టాలో చెప్తారా?